బోర్డో అని రాసుంటే చాలా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేం నలుగురం కాలేజీ ఫ్రెండ్స్, ఇప్పుడు అందరం గచ్చిబౌలి చుట్టుపక్కలే ఉద్యోగాలు చేస్తున్నాం. ఈసారి దావత్‌లో విస్కీ పక్కన పెట్టి, ఫ్రెంచ్ రెడ్ వైన్లు మూడు రకాలు తెచ్చి పోల్చి చూద్దామనుకుంటున్నాం. బాటిల్‌కి మూడు వేలు దాటకూడదు. షాపులో అడిగితే 'బోర్డో తీస్కోండి సార్, అదే టాప్' అంటున్నాడు. నిజమేనా? పోల్చేటప్పుడు ఏం చూడాలి? – ఒక పాఠకుడు, నానక్‌రామ్‌గూడ

జవాబు: టాప్ బోర్డో టాపే, కాదనను. కానీ అది మీ మూడు వేలకు రాదు. 1855లో నాణ్యత ర్యాంకులిచ్చి వర్గీకరించిన పెద్ద పెద్ద ఎస్టేట్ల వల్ల ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానికి పేరొచ్చింది, ఆ పేరు వేసుకునే హక్కు మాత్రం అక్కడి మామూలు తోటల వైన్‌కి కూడా ఉంది, మనకు ఇక్కడ ఆ ధరలో దొరికేది ఎక్కువగా ఆ రెండో రకమే. చవక బోర్డోలో చాలావాటికి రుచి పలచగా ఉంటుంది, కాస్త పచ్చి వాసన కూడా వస్తుంది. ఇలాంటి వైన్‌కి అక్కడే గిరాకీ పడిపోయి, 2023లో దాదాపు 9,500 హెక్టార్ల తోటలు పీకేయడానికి రైతులకు డబ్బులిచ్చే పథకం పెట్టారు. ఇంకో సంగతి, దిగుమతి వైన్ మీద ఎన్నో ఏళ్లుగా 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంది. దాని మీద రాష్ట్రం పన్నులు, ఆపైన అందరి లాభాలు. అంటే అక్కడ సూపర్‌మార్కెట్లో ఐదారు యూరోలకు దొరికే బాటిలే ఇక్కడ మీకు వేలల్లో పడుతుంది. పన్ను ఎలాగూ తప్పదు, పేరుక్కూడా ఎందుకు కట్టడం?

అయినా బోర్డో ఒకటి కొనండి, పోల్చడానికి పనికొస్తుంది. మెర్లో, కాబర్నే సావిన్యాన్ ద్రాక్షలు కలిపి చేస్తారు. రెండోది కోత్ దు రోన్, దక్షిణాన రోన్ నది లోయది, గ్రెనాష్, సిరా ద్రాక్షలు ముఖ్యం. ఎండ బాగా తగిలే చోటు కాబట్టి పండు బాగా పండుతుంది, చవక బాటిల్లో కూడా రుచి నిండుగా ఉంటుంది, సిరా ఎక్కువుంటే మిరియాల వాసన తగులుతుంది. మూడోది బోజొలే, గామే అనే ద్రాక్షతో చేసే తేలికైన వైన్. అది దొరక్కపోతే 'పేయి దోక్' అని రాసున్న లాంగ్‌డాక్ ప్రాంతం వైన్ తీసుకోండి. అందులో సుఖం ఏంటంటే, ద్రాక్ష పేరు చాలావరకు లేబుల్ మీదే ఉంటుంది. 'గ్రాండ్ వాన్ ద బోర్డో', 'రిజర్వ్' లాంటి మాటలు చూసి పడిపోకండి, వాటికి ఫలానా నాణ్యత ఉండాలన్న రూలేం లేదు. సంవత్సరం మాత్రం చూడండి. ఈ ధర వైన్లు దాచుకుంటే బాగుపడేవి కావు, మూడు నాలుగేళ్ల లోపుది అయితే మంచిది. కార్క్ పైకి పొడుచుకొచ్చినా, మూత చుట్టూ కారిన మరక ఉన్నా ఆ బాటిల్ ఎక్కడో ఎండలో ఉడికిందని అర్థం, అరలో పెట్టేసి వచ్చేయండి.

ఇక పోల్చడం. లేబుల్ కనిపిస్తే నాలుక అబద్ధం చెబుతుంది. బోర్డో విశ్వవిద్యాలయంలో 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు, 2001లో అచ్చయిన పరిశోధన ఇది. వైన్ చదువు చదువుతున్నవాళ్ల సంగతే అలా ఉంటే మనమెంత? అందరూ బాటిల్‌కి న్యూస్‌పేపర్ చుడతారు, అది చాలదు. బోర్డో బాటిల్‌కి భుజాలు నిటారుగా ఉంటాయి, రోన్, బోజొలే బాటిళ్లకు జారుడుగా ఉంటాయి, పేపర్ మీంచి కూడా తెలిసిపోతుంది. అందుకని ఒకరు వంటింట్లోకి వెళ్లి, ఫ్రిజ్‌లో నీళ్లు పెట్టుకునే గాజు సీసాలు ఒకేలాంటివి తీసుకుని వాటిలోకి వంచి, అడుగున నంబరు రాసి తేవాలి. మూడు వైన్లకు నాలుగు సీసాలు పెట్టమనండి, ఒక వైన్‌ని రెండు సీసాల్లో పోసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా. రెండో నంబరుకి ఎనిమిది మార్కులు, అదే వైన్ నాలుగో నంబరులో వస్తే నాలుగు మార్కులు వేసిన మహానుభావుడి అభిప్రాయాన్ని ఆ పూటకి పక్కన పెట్టొచ్చు.

ఒక్కో గ్లాసులో 60 ఎంఎల్ చాలు (పెగ్ కొలత మీ ఇంట్లో ఎలాగూ ఉంటుంది). గదిలో అగరుబత్తి, రూమ్ ఫ్రెష్‌నర్ వద్దు. మిక్చర్, చిప్స్ ప్యాకెట్లు చివరిదాకా విప్పొద్దు, మధ్యలో మంచినీళ్లు, ఉత్త బ్రెడ్డు ముక్క, అంతే. ముందు వాసన, తర్వాత ఒక గుక్క నోరంతా తిప్పి మింగి, ఎవరిది వాళ్లు కాగితం మీద రాసుకున్నాకే మాట్లాడుకోవాలి, లేకపోతే గొంతు పెద్దగా ఉన్నవాడి రుచే నలుగురి రుచీ అయిపోతుంది. రాయడానికి ఫ్రెంచ్ మాటలేం అక్కర్లేదు. పులుపు ఎంత, వగరు ఎంత, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది, ఇంకో గ్లాసు తాగాలనిపించిందా, ఇవి చాలు. జామపిందె కొరికినట్టు చిగుళ్లు పట్టేస్తే అది వగరు, ద్రాక్ష తొక్కలు, గింజల నుంచి వచ్చేది. బోర్డోలో ఎక్కువ తెలుస్తుంది, బోజొలేలో తక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం చల్లదనం. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారే, అది 16 నుంచి 18 డిగ్రీల చలిదేశపు గది. మన మే నెల గదిలో పెట్టి తాగితే ఎంత మంచి వైనైనా స్పిరిట్ వాసన కొడుతుంది. బోర్డో, రోన్ బాటిళ్లు గంటకు పైనే ఫ్రిజ్‌లో పెట్టండి, బోజొలే ఇంకాసేపు.

నా పందెం రోన్ మీద. మీ నలుగురిలో ఇద్దరైనా దానికే ఓటేస్తారు.

ప్రశ్న: మావారు దుబాయ్ నుంచి వస్తూ శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో రెండు ఫ్రెంచ్ రెడ్ బాటిళ్లు తెచ్చారు. బిర్యానీతో తాగితే నోరు మండిపోయింది, వైన్ చేదుగా అనిపించింది. బాటిల్ పాడైందా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పాడైన వైన్ తడిసిన అట్టపెట్టెలా వాసనొస్తుంది, లేదా వెనిగర్‌లా ఉంటుంది. మీది అది కాదమ్మా, మిరపకాయ పని. కారం తిన్న నోట్లో ఆల్కహాల్ పడితే మంట రెట్టింపవుతుంది, వగరు ఎక్కువున్న వైనైతే చేదు కూడా తోడవుతుంది. బిర్యానీ ఒక్కటే అయితే ఫర్వాలేదు, పక్కన మిర్చీ కా సాలన్ పోసుకుంటే ఏ వైనూ నిలబడదు. రెండో బాటిల్ మీద ఆల్కహాల్ శాతం చూడండి, 14 దాటితే దాన్ని కారం తక్కువున్న వాటికి ఉంచండి. పత్తర్ కా గోష్త్, సీఖ్ కబాబ్, మిరియాలు వేసిన మటన్ వేపుడు లాంటివి. మాంసంలోని కొవ్వు, ప్రొటీన్ ఆ వగరును లాగేస్తాయి, అదే వైన్ మెత్తగా దిగుతుంది. గోంగూర మాంసం చేసిన రోజు మాత్రం చల్లటి బోజొలే. గోంగూర పులుపు ముందు వైన్‌కి కూడా కాస్త పులుపు లేకపోతే చప్పగా తేలిపోతుంది. చేపల పులుసుకి రెడ్ వైన్ వద్దు, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది.

ప్రశ్న: మేం గుడ్డు కూడా ముట్టం. వైన్ ద్రాక్షే కదా, శాకాహారమేనా? – ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ద్రాక్ష వరకు శాకాహారమే. వైన్ తేటపడడానికి మాత్రం కొన్నిచోట్ల గుడ్డు తెల్లసొన వాడతారు, బోర్డోలో అది పాత అలవాటు. కొందరు పాల ప్రొటీన్, చేప నుంచి తీసిన జిగురు కూడా వాడతారు. అవి అడుగున పేరుకున్నాక తీసేస్తారు గానీ మీ పట్టింపు మీది. 'వీగన్' అని రాసున్న బాటిల్ కొనండి, ఈ మధ్య ఫ్రెంచ్ వైన్లలో అలాంటివి వస్తున్నాయి.

ప్రశ్న: సగం మిగిలిన బాటిల్ ఎన్నాళ్లు ఉంటుంది? – ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు. ఇంకా మిగిలితే మటన్ కూరలో పోసేయండి, కిలోకి అరకప్పు మించకుండా, టమాటా తగ్గించి.