గొట్టం మార్చాలా, తీసేయాలా?

ప్రశ్న: మా నాన్నగారు ఎనిమిది రోజులుగా ఐసీయూలో ఉన్నారు. మూత్రానికి క్యాథెటర్ వేశారు, మెడ దగ్గర సెంట్రల్ లైన్ (మందులు ఎక్కించడానికి పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) అమర్చారు. వీటివల్ల ఇన్‌ఫెక్షన్ వస్తుందని విని, గొట్టాలను రెండు మూడు రోజులకొకసారి మార్చమనీ, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వమనీ అడిగితే డాక్టర్లు అక్కర్లేదన్నారు. ఇది నిర్లక్ష్యం కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. మీ భయం సహజమే గాని, మీరడిగిన రెండింటివల్లా మేలుకన్నా కీడే ఎక్కువ. గొట్టానికి అంటుకున్న సూక్ష్మక్రిములు జిగురు పొర కట్టుకుని అందులో దాగుంటాయి. ఆ పొరలోకి మందు సరిగా చొరబడదు కాబట్టి, ముందుగా యాంటీబయాటిక్ ఇస్తూపోతే చివరికి మందులకు లొంగని క్రిములే మిగులుతాయి. ఇక గొట్టం మార్చిన ప్రతిసారీ క్రిములకు కొత్తగా దారి తెరిచినట్టే. మూసుకుపోయినా, కారుతున్నా, ఇన్‌ఫెక్షన్ సోకినా మార్చాలి తప్ప తేదీ చూసి కాదు.

సెంట్రల్ లైన్ విషయంలో జాగ్రత్తంతా వేసేటప్పుడే మొదలవుతుంది. చేతులు కడుక్కోవడం, మాస్కు, స్టెరైల్ (క్రిమిరహిత) గౌను, గ్లౌజులు ధరించి రోగిని తల నుంచి పాదాల దాకా స్టెరైల్ గుడ్డతో కప్పడం, చర్మానికి క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందు రాసి ఆరనివ్వడం, వీలైనంతవరకు గజ్జల దగ్గర వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం: అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఐసీయూలు ఇంతే చేశాయి. ఏ మెట్టు తప్పినా డాక్టర్ని ఆపే అధికారం నర్సుకు ఇచ్చాయి, నా దృష్టిలో అసలు మందు అదే. వెయ్యి లైన్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు లైన్ ఉంటే ఒక లైన్ రోజు) సగటున 7.7 ఉన్న రక్త ఇన్‌ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు దిగాయని 2006లో ప్రచురించారు. లైన్ వేశాక, మందు ఎక్కించే ప్రతిసారీ దాని మూతిని స్పిరిట్ స్వాబ్‌తో గట్టిగా రుద్ది ఆరనివ్వాలి; దుమ్ము దులిపినట్టు ఒక్కసారి తుడిచి సిరంజి పెట్టేసేవారిని నేను చాలామందిని చూశాను.

మూత్రపు గొట్టం ఉన్నకొద్దీ రోజుకు 3 నుంచి 7 శాతం మందికి మూత్రంలో బ్యాక్టీరియా కొత్తగా చేరుతుంది. జ్వరం వంటి లక్షణాలు లేకుండా పరీక్షలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన సాధారణంగా మందు అవసరం ఉండదు. మీరు గమనించవలసింది బ్యాగును. అది ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందనే వేలాడాలి, నేలకు తగలకూడదు. స్కాన్‌కు తీసుకెళ్లేటప్పుడు బ్యాగును రోగి పొట్టమీద పెట్టేయడం మామూలే. అప్పుడు గొట్టంలో నిలిచిన మూత్రం వెనక్కి పారుతుంది. గొట్టాన్ని మాత్రం మీరు తాకవద్దు.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ని ‘ఇవి ఈ రోజు కూడా అవసరమేనా?’ అని రోజూ అడగండి. బీపీ నిలబెట్టే మందులు ఎక్కుతున్నా, గంట గంటకూ మూత్రం కొలవవలసి ఉన్నా అవసరమే. పక్క తడవకుండా ఉండటానికే అయితే కాదు. మగవారికి బయటినుంచి తొడిగే కండోమ్ క్యాథెటర్ సరిపోవచ్చు. తీసేశాక మూత్రం రాకపోతే మూత్రాశయాన్ని స్కాన్‌తో చూసి, అప్పుడు మళ్లీ వేయాలో లేదో నిర్ణయిస్తారు.