అమ్మకి కిటికీ సీటు

చిన్నోడా,

అమ్మని మొదటిసారి విమానం ఎక్కించి విశాఖ నుంచి హైదరాబాద్ తీసుకెళ్తున్నావని విని ఎంత సంతోషమేసిందో. గంటా పావు ప్రయాణానికి సీటు కోసం మళ్ళీ డబ్బులెందుకు, ఏదైనా ఒకటే కదా అన్నావట. ఒకటి కాదు నాన్నా. ఈ ఒక్క విషయంలో పెద్దమ్మ మాట విను.

మీ తాతగారు పోర్టులో కళాసీగా చేసే రోజుల్లో మీ అమ్మా నేనూ కేరేజీ పట్టుకుని గేటు దాకా వెళ్ళేవాళ్ళం. లోపలికి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. గోడ మీంచి క్రేన్ల కొసలు, ఓడల పొగగొట్టాలు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆ హార్బరంతా నేను మొదటిసారి చూసింది హైదరాబాద్ నుంచి వచ్చే విమానం కిటికీలోంచే, అరవయ్యేళ్ళు దాటాక. అమ్మ కూడా చూడాలి.

అందుకే తిరుగు ప్రయాణం సీటు ముందు తీసుకో. సముద్రం వైపు నుంచి వచ్చి దిగేటప్పుడు విమానం పడమటి ముఖంగా ఉంటుంది. ఎడమ కిటికీలో డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్, కొండ పక్కనుంచి ఓడలు లోపలికొచ్చే కాలువ, ఆ వెనక హార్బర్. కుడి వైపు వాళ్ళకి బీచ్ రోడ్డు, కైలాసగిరి కనిపిస్తాయి. బీచ్ అమ్మ ఎప్పుడూ చూసేదే. కాబట్టి ఎడమే, అంటే ‘ఏ’ అక్షరం సీటు. గాలిని బట్టి ఒక్కోసారి పడమటి వైపు నుంచి దింపుతారు, అప్పుడు హార్బర్ దక్కదు. దానికి మనమేం చెయ్యలేం.

వెళ్ళేటప్పుడు కూడా ‘ఏ’నే. బయల్దేరిన ఇరవై, పాతిక నిమిషాలకి అమ్మని కిందికి చూస్తూ ఉండమను. మబ్బు లేకపోతే పాపికొండల మధ్య సన్నగా ఇరుక్కున్న గోదావరి, కొండలు దాటగానే దక్షిణానికి వెడల్పుగా పరుచుకుంటూ కనిపిస్తుంది. పొద్దున్న విమానమైతే సూర్యుడు వెనకుంటాడు, ఎండ కళ్ళల్లో కొట్టదు. తిరిగొచ్చేది సాయంత్రం ఐదులోపు దిగేలా చూసుకో. డిసెంబర్‌లో మనకి ఐదున్నరకే పొద్దు కుంకుతుంది.

ఇక వరస. రెక్క దగ్గర మాత్రం వద్దు. నేనోసారి అదనంగా కట్టి మరీ పదిహేనో వరస తీసుకుంటే, దారంతా తెల్లటి రెక్క తప్ప ఏమీ కనిపించలేదు. ఏడుపొచ్చినంత పనైంది. మూడేసి సీట్లుండే విమానంలో ఏడో వరస లోపు తీసుకో. బాగా వెనక తీసుకున్నా రెక్క తప్పుతుంది కానీ, ఇంజిన్ వేడిగాలికి కింద ఊళ్ళు నీళ్ళల్లో ఉన్నట్టు అలలాడుతూ కనిపిస్తాయి. రెండేసి సీట్ల చిన్న ఏటీఆర్ అయితే రెక్క పైనుంటుంది కాబట్టి కిందికి చూడ్డానికి అడ్డుండదు. కొన్ని వరసల్లో కిటికీ సీటు అని రాసున్నా పక్కన ఉత్త గోడే ఉంటుంది. సీట్ల బొమ్మలో వరస చూసి, ఆ విమానంలో తిరిగినవాళ్ళని ఒక్కమాట అడుగు.

కిటికీ అడుగున చిన్న చిల్లు ఉంటుంది, చుట్టూ మంచు పూత పడుతుంది. అది చూసి అమ్మ కంగారు పడుతుంది. విమానం లోపలికీ అద్దాల మధ్యకీ గాలి ఒత్తిడి సరిచెయ్యడానికి కావాలనే పెట్టారని ముందే చెప్పు. తలకి రాసిన కొబ్బరినూనె అద్దానికంటి మసక కమ్ముతుంది, జేబురుమాలు దగ్గరుంచుకో. మబ్బుల మీద మన విమానం నీడ పడి, దాని చుట్టూ గుండ్రంగా హరివిల్లు కనబడే అదృష్టం ఉంటే అది ఎండ పడని వైపు వాళ్ళకే. అమ్మ వైపు రాకపోతే నువ్వు లేచి హడావుడి చెయ్యకు.

మన విమానాశ్రయం నౌకాదళం వాళ్ళ ఐఎన్ఎస్ డేగాలోది. అక్కడ ఫోటోలు తియ్యొద్దు, కిటికీ మూత దించమంటే దించెయ్యి.

నువ్వు మధ్య సీటులో కూర్చో. దిగేటప్పుడు ఫోన్ తియ్యకుండా అమ్మ పక్కనే వంగి చూడు. కేరేజీ పట్టుకెళ్ళిన గేటు ఎటు వైపో అడుగు, చెబుతుంది. ఇంటికి చేరగానే నాకు ఫోన్ చెయ్యమను, ఎంత రాత్రయినా సరే.

ఇట్లు
మీ పెద్దమ్మ