లైనక్స్ ల్యాప్‌టాప్‌తో వీడియో ఎడిటర్ అవ్వొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. స్ప్రెడ్‌షీట్ పాఠాలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాడు. ఎడిటింగ్‌నే ఉద్యోగం చేసుకుంటానంటున్నాడు. ల్యాప్‌టాప్‌లో విండోస్‌కి బదులు ఉబుంటు లైనక్స్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి, గ్రాఫిక్స్ కార్డు లేదు. కొత్తది కొనాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. నేర్చుకోవడానికి ఉన్నది చాలు.

రికార్డింగ్‌కి ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ వాడమనండి. పూర్తిగా ఉచితం. ఉబుంటు కొత్త వెర్షన్లలో తెర మీద బొమ్మను చూపించే వేలాండ్ అనే వ్యవస్థ ఉంటుంది కాబట్టి, ఓబీఎస్ సోర్సుల్లో పైప్‌వైర్ స్క్రీన్ క్యాప్చర్ ఎంచుకోవాలి. ఫైలు ఎంకేవీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది దక్కుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే నిమిషంలో ఎంపీ4గా మార్చుకోవచ్చు. మైకు గొంతు ఒక ట్రాక్‌లో, కంప్యూటర్ శబ్దం ఇంకో ట్రాక్‌లో పెట్టుకుంటే ఎడిటింగ్‌లో సగం తలనొప్పి తగ్గుతుంది.

ఎడిటింగ్‌కి కెడెన్‌లైవ్ అనే సాఫ్ట్‌వేర్. ప్రాజెక్టు సెట్టింగుల్లో ప్రాక్సీ క్లిప్పులు ఆన్ చేస్తే పని చిన్న సైజు కాపీల మీద నడుస్తుంది, చివరి వీడియో మాత్రం అసలు ఫైళ్ల నుంచే వస్తుంది. 8 జీబీ మెషీన్‌కి ఇది తప్పనిసరి. ఇంకా తేలిగ్గా కావాలంటే షాట్‌కట్ ఉంది. చాలామంది డావిన్చీ రిజాల్వ్ పేరు చెబుతారు. మంచిదే, కానీ దానికి గట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలి. పైగా లైనక్స్‌లో దాని ఉచిత వెర్షన్ హెచ్.264 అనే ఫార్మాట్ వీడియోలు తీసుకోదు. చాలా ఫోన్లలో తీసేవి అవే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది అడోబీ ప్రీమియర్. అది లైనక్స్‌కి లేదు. అయినా భయపడక్కర్లేదు. ఎక్కడ కత్తిరించాలి, గొంతు ఎంత పెంచాలి, చూసేవాడికి ఎక్కడ విసుగొస్తుంది అన్న పట్టు ఏ సాఫ్ట్‌వేర్‌లో నేర్చినా చేతిలో ఉంటుంది. బటన్లు కొత్తగా నేర్చుకోవడం పెద్ద పని కాదు. కాలేజీ ల్యాబ్‌లోనో స్నేహితుడి దగ్గరో మంచి విండోస్ మెషీన్ దొరికితే ఉచిత రిజాల్వ్‌ని అక్కడ ప్రాక్టీస్ చేయమనండి, విండోస్‌లో దాంట్లో హెచ్.264 ఫోన్ వీడియోలు తెరుచుకుంటాయి.

ఈలోగా ఇరవై నిమిషాల పాఠాన్ని, విషయం చెడకుండా, నాలుగు నిమిషాలకు కుదించమనండి. ఒక పెళ్లి వీడియో, ఒక దుకాణం ప్రకటన కూడా చేయించండి. ఈ మూడూ చూపించి బయటివాళ్ల దగ్గర డబ్బులిచ్చే పని ఒక్కటి తెచ్చుకున్నాక, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ గురించి ఇంట్లో మాట్లాడుకోండి.