పాత నాపరాయి గుంతలకు ప్రభుత్వ డబ్బు వస్తుందా? మా ఊరి అనుభవం

ఊరి పక్క వదిలేసిన క్వారీ గుంతలకు రాష్ట్ర ప్రభుత్వం భూగర్భ సర్వే చేయిస్తుందా, పూడ్చడానికి నిధులిస్తుందా అని అడిగారు. ఏడేళ్ల క్రితం నేనూ ఈ రెండింటినీ ఒకే అర్జీలో రాసి గనుల శాఖ కార్యాలయానికి పట్టుకెళ్లాను. అక్కడి ఉద్యోగి చదివి, "సర్వే అంటే రాయి ఎక్కడుందో వెతకడమండీ. మీ ఊళ్లో ఉందని తెలిసే కదా తవ్వుకుపోయారు" అన్నాడు. ఉక్రోషం వచ్చింది గానీ, ఆయన అన్నది నిజమే.

మాది నంద్యాల జిల్లా బేతంచెర్ల ప్రాంతం. ఇక్కడి సున్నపురాతి పొరల గురించి జియలాజికల్ సర్వే తరఫున విలియం కింగ్ 1872లోనే రాసిపెట్టాడు. అంటే మా దగ్గర కొత్తగా వెతకాల్సింది లేదు. ఖనిజాల అన్వేషణకిచ్చే డబ్బుల లెక్క కూడా వేరు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జాతీయ ఖనిజాన్వేషణ ట్రస్టు పెట్టి, లీజుదారుల నుంచి రాయల్టీలో (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ము) 2 శాతానికి సమానమైన మొత్తం వసూలు చేయడం మొదలుపెట్టారు; 2025 సవరణతో అది 3 శాతమైంది. రాష్ట్రాల గనుల శాఖలూ అందులోంచి తెచ్చుకోవచ్చు, కానీ అది మొదట్లో కొత్త నిక్షేపాలు వెతకడానికే, 2025 సవరణ తర్వాత గనుల అభివృద్ధికి కూడా. మన గుంతకు అందులో పైసా రాదు.

మనకు పనికొచ్చేది జిల్లా ఖనిజ నిధి, అదే డీఎంఎఫ్. ఇదీ 2015 సవరణతో వచ్చిందే. తాగునీరు, వైద్యం, చదువులతో పాటు పర్యావరణం కూడా అందులో ప్రాధాన్య రంగం. కాలుష్య నివారణ పనుల కింద, నడుస్తున్న గనులతో పాటు వదిలేసిన గనుల మాట కూడా మార్గదర్శకాల్లో ఉంది. అర్జీలో ఆ మాటే ఎత్తి రాయండి, గ్రామసభ తీర్మానం జతచేసి కలెక్టరుకు ఇవ్వండి. మా మొదటి అర్జీలో తీర్మానం లేదు. అది ఏ బీరువాలో పడిందో ఇప్పటికీ తెలియదు.

అంతకంటే ముందు గుంత సర్వే నంబరు పట్టుకుని, లీజు ఇంకా ఉందో, ఎప్పుడు ముగిసిందో కనుక్కోండి. లీజుదారు ఉంటే బాగుచేయాల్సింది అతనే. తవ్వకం ముగిశాక ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచి మేతకు పనికొచ్చేలా చేయాలన్న షరతును లీజుల్లో పెట్టాలని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. మా గుంత లీజు ఎప్పుడో ముగిసిపోయింది. అతను కట్టిన డిపాజిట్‌తో పొక్లెయిన్ పది రోజులు కూడా తిరగదు.

ఇక పూడ్చడం సంగతి. మా గుంత సుమారు 100 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు. అంటే 60,000 ఘనపు మీటర్లు. 10 ఘనపు మీటర్లు పట్టే టిప్పరు 6,000 సార్లు తిరగాలి. అంత మట్టి తేవాలంటే ఇంకో చోట ఇంకో గుంత తవ్వాలి! ఈ లెక్క వేసుకున్నాకే పూడ్చమని అడగడం మానేశాం. ఒడ్డున గుట్టగా పోసిన వ్యర్థపు రాయిని లోతు తక్కువున్న మూలకు నెట్టించమని, పశువులు దిగి ఎక్కేలా ఒకవైపు వాలు చేయమని, చుట్టూ కంచె వేయమని అడిగాం. పద్నాలుగు నెలలకు మంజూరైంది. కంచెకు ఇనుప తీగ కాకుండా మా బండలే నిలువుగా పాతించాం. పొలాల గట్ల మీద మా తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతే, తుప్పు పట్టదు, ఎవరూ ఎత్తుకుపోరు. అంతకు ముందు రెండేళ్లలో మూడు గేదెలు అందులో పడ్డాయి, ఒకటి మాదే.

ఫోటోలు మాత్రం ఎండాకాలంలోనే తీయండి. మేం మొదట కార్తీకంలో తీసి పంపాం. నిండా నీళ్లు, పైన కొంగలు, చూసిన అధికారి "ఇంత మంచి చెరువును పూడ్చమంటారేమిటి?" అని అడిగారు.