ఎకరం అమ్మే ముందు

తమ్ముడూ,

పాప చదరంగంలో రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకుందని చదివి చాలా సంతోషించాను. ఎకరం అమ్మి టోర్నమెంట్లు తిప్పుతానన్నావు చూడూ, అదొక్కటే నచ్చలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ సంగతి తెలిసి బోర్డు ముందు కూర్చుంటే ఇంక ఆడుతుందా?

మావాడి కోసం నేను నలభై కంపెనీలకు ఒకే ఉత్తరం జిరాక్స్ తీయించి పంపాను. కాబోయే గ్రాండ్‌మాస్టర్ అని రాశాను కూడా. ఒక్క జవాబూ లేదు. తర్వాత గుంటూరు మిర్చి యార్డులో తెలిసిన కమీషన్ వ్యాపారి దగ్గరికి వెళ్ళాను. ఢిల్లీ టోర్నమెంటుకు రైలు, ఎంట్రీ ఫీజు, గది కలిపి 22,000 అవుతుంది, 12,000 నా దగ్గరుంది అని కాగితం చూపించాను. గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియని మనిషి, టీ తాగేలోపు మిగతాది ఇచ్చేశాడు. వచ్చాక లెక్క చెప్పాల్సింది. మావాడు బాగా ఓడిపోయాడని సిగ్గుపడి ముఖం చాటేశాను. మరుసటేడు ఆయన ఫోన్ ఎత్తలేదు. తప్పు నాదే.

అందుకని ఆరు నెలల టోర్నమెంట్లు రాసుకుని, దేనికెంత అవుతుందో విడివిడిగా లెక్క కట్టు. ముందు నీ కాలేజీ బ్యాచ్‌వాళ్ళను అడుగు. మొహమాటపడకు. 2017, 18 ప్రాంతంలో ఇంట్లో డబ్బు అయిపోతే అమ్మానాన్నల స్నేహితులే ఆదుకున్నారని 2024లో ప్రపంచ చాంపియన్ అయిన గుకేశే చెప్పాడు. పెద్ద స్పాన్సర్లు సాధారణంగా ఆలస్యంగా వస్తారు. మన వరంగల్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్‌కు 2024లో క్వాంట్‌బాక్స్ అనే కంపెనీ ఐదేళ్ళకు 15 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చేసరికి అతను ప్రపంచంలో మొదటి పదిమందిలో ఉన్నాడు.

కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టే సీఎస్ఆర్ డబ్బు సంగతి అడిగావు. గుర్తింపు ఉన్న ఆటల శిక్షణకు ఖర్చు పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఒక్క నీ పాప ఖాతాలో వెయ్యరు. ఆ డబ్బు తీసుకోవడానికి సీఎస్ఆర్-1 అనే రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టో సొసైటీయో కావాలి. మీ ఊళ్ళో ఆడే పదిమంది పిల్లల తల్లిదండ్రులు కలిసి, అలాంటి సంస్థ ద్వారా అడిగితే వినేవాళ్ళుంటారు. ఇంకో మాట, బంధువులు కానివాళ్ళు ఏడాదిలో ఇచ్చినదంతా కలిపి 50,000 దాటితే పన్ను లెక్కలోకి వస్తుంది. ఆడిటర్‌ను ముందే అడుగు.

జాతీయ పోటీల్లో బాగా ఆడితే చెస్ ఫెడరేషన్ స్టైపెండ్ కూడా ఉంది, మూడు నెలలకోసారి ఇస్తారు. అది రాకముందే దాన్ని నమ్ముకుని అప్పు చెయ్యకు.

ఆదివారంలోపు ఆ కాగితం నాకు వాట్సాప్‌లో పెట్టు. కోచ్ ఫీజు తగ్గించి రాయకు, ఎంతో నాకు తెలుసు. మిర్చి యార్డులో ఇప్పుడు ఆ వ్యాపారి కొడుకు కూర్చుంటున్నాడు. నిన్ను వెంటబెట్టుకుని వెళ్తాను, అప్పుడు చెప్పకుండా ఎగ్గొట్టిన ఆ లెక్క ఉత్తరం కూడా ఇవ్వాలి.

మీ అన్నయ్య