అమ్మని చేర్పించే హోమ్‌ని పగలు కాదు, రాత్రి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 74 ఏళ్ళు, అల్జీమర్స్ అని తేలి మూడేళ్ళయింది. సీతమ్మధారలో నాన్నగారు ఒక్కరే చూసుకుంటున్నారు, మీరేమో బెంగళూరులో ఉన్నారు. ఈమధ్య అమ్మగారు రాత్రిళ్ళు గడియ తీసుకుని బయటికి వెళ్ళిపోతున్నారని, విశాఖలో మంచి నర్సింగ్ హోమ్ ఉంటే చెప్పమని అడిగారు. ఒక పేరు చెప్పేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మా నాన్నకి సరిపడిన చోటు మీ అమ్మగారికి సరిపడకపోవచ్చు. పైగా ఇద్దరు ఆయాలు మానేస్తే అదే హోమ్ ఆరు నెలల్లో ఇంకోలా అయిపోతుంది. అందుకని మేము చేసిన తప్పు, ఆ తర్వాత దాన్ని ఎలా దిద్దుకున్నామో చెబుతాను.

ముందు ఒక మాట. మన ఊళ్ళో నర్సింగ్ హోమ్ అని వెతికితే కాన్పులు, ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రులే వస్తాయి. మీరు వెతకాల్సింది ఓల్డేజ్ హోమ్, వృద్ధాశ్రమం, అసిస్టెడ్ లివింగ్, ఎల్డర్ కేర్ అనే పేర్లతో. ఫోన్ చేసినప్పుడు మొదటి మాటే డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి జబ్బులన్నిటికీ కలిపి వాడే పేరు) అని, రాత్రిళ్ళు బయటికి వెళ్తారని చెప్పేయండి. చాలా ఆశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలిగిన వాళ్ళనే తీసుకుంటాయి. "పెద్ద వయసు కదండీ, కాస్త మతిమరుపు" అని దాచి చేర్పిస్తే నెల తిరక్కుండా తీసుకెళ్ళిపొమ్మంటారు. ఇల్లు మారడమే వాళ్ళకి పెద్ద దెబ్బ. నెలలో రెండుసార్లు మారిస్తే మనిషి బాగా కుంగిపోతారు.

మా నాన్న జింక్‌లో, అంటే విశాఖలోని హిందుస్థాన్ జింక్ స్మెల్టర్ ఫ్యాక్టరీలో పనిచేశారు. 1977లో స్మెల్టర్ మొదలైనప్పటి నుంచి 2004లో రిటైరయ్యేదాకా షిఫ్టుల్లోనే గడిచింది ఆయన జీవితం. డిమెన్షియా ముదిరాక రాత్రి తొమ్మిదయ్యేసరికి లేచి చొక్కా తొడుక్కునేవారు. "సి షిఫ్ట్ ఉంది, బస్సు వచ్చేస్తుంది" అనేవారు. ఆ ఫ్యాక్టరీ 2012లోనే మూతపడింది. ఆ మాట చెబితే మేమేదో కుట్ర చేస్తున్నట్టు చూసేవారు. ఒక రాత్రి మర్రిపాలెం నుంచి నడుచుకుంటూ ఎన్ఏడీ జంక్షన్ దాకా వెళ్ళిపోయారు. జేబులో మేము పెట్టిన చీటీ చూసి ఒక ఆటో అబ్బాయి ఫోన్ చేశాడు. ఆ వారంలోనే అమ్మ, కంటి మీద కునుకు లేక, బాత్రూమ్‌లో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పటిదాకా "కన్న తండ్రిని హోమ్‌లో పెడతావా" అన్న మా అన్నయ్య కూడా ఆ రోజు ఇంకేమీ అనలేకపోయాడు. అన్నయ్య ఉండేది హైదరాబాద్‌లో.

మీ నాన్నగారి ఆరోగ్యం గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆయన రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారో, తన బీపీ మాత్రలు తాను వేసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి.

ఇంకొకటి. ఈ రాత్రి తిరుగుడు ఉన్నట్టుండి మొదలైందా, మెల్లగా పెరిగిందా? రెండు మూడు రోజుల్లోనే మనిషి మారిపోతే అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా అలా చేస్తుంది. మే నెల ఉక్కపోతలో మా నాన్న ఒకసారి మనుషుల్ని గుర్తుపట్టక కేకలు పెడితే అంతా అయిపోయిందనుకున్నాం. రక్తపరీక్షలో సోడియం తక్కువని తేలింది. నాలుగు రోజుల్లో మళ్ళీ మామూలు మనిషయ్యారు. కాబట్టి హోమ్ మాట ఖాయం చేసుకునే ముందు న్యూరాలజిస్ట్‌కో సైకియాట్రిస్ట్‌కో ఒకసారి చూపించండి. ఖర్చు సమస్యైతే కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, పెదవాల్తేరు వైపు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మానసిక వైద్యశాల అనగానే బెదరకండి, ఓపీలో చూపించుకుని వచ్చేయడమే.

ఇక మా తప్పు. 2022లో ఒక హోమ్ చూశాం. పేరు వద్దు. ఆదివారం పదకొండింటికి, ముందే ఫోన్ చేసి వెళ్ళాం. లిఫ్ట్, ఏసీ గదులు, అద్దంలా మెరిసే టైల్స్, రిసెప్షన్‌లో ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయి. ఇస్త్రీ చీరల్లో ఇద్దరు ఆయాలు నవ్వుతూ నమస్కారం పెట్టారు. ఆ పూటే అడ్వాన్స్ కట్టేశాం.

రెండు వారాలు గడిచాక నాన్న చాలా నెమ్మదించారన్నారు. వెళ్ళి చూస్తే నిజమే, ఎప్పుడు చూసినా పడుకునే ఉన్నారు. మాకు సంతోషమేసింది కూడా. అమ్మకి మాత్రం అనుమానం వచ్చింది. "ఆయన పగలు పడుకునే మనిషి కాదే, నైట్ డ్యూటీ చేసొచ్చి కూడా పేపర్ చదివేవారు" అంది. ఆమె పట్టుబట్టడంతో ఒక బుధవారం రాత్రి ఏడున్నరకి చెప్పకుండా వెళ్ళాం. ఆ అంతస్తులో 22 మంది ఉన్నారు, ఆయా ఒక్కతే ఉంది. నాన్న డైపర్ తడిసి బరువెక్కిపోయి ఉంది. పక్కకి తిప్పితే నడుము కింద, తుంటి ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనబడింది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. అలా తెల్లబడలేదంటే పుండు మొదలవుతున్నట్టేనని తర్వాత డాక్టరు చెప్పారు. నిద్రకి ఏదో మాత్ర వేస్తున్నారు. ఎవరు రాశారంటే చీటీ చూపించలేకపోయారు. ఆ ఆయాని నేను తిట్టలేదు. 22 మందిని ఒక్క మనిషి రెండు గంటలకోసారి ఎలా తిప్పగలదు? మాత్ర వేసి పడుకోబెట్టకపోతే ఆమెకి రాత్రి గడవదు. తప్పు ఆమెని ఒక్కదాన్నే అక్కడ ఉంచినవాళ్ళది, అది అడగకుండా డబ్బు కట్టిన మాది.

ఆ మాత్రల సంగతి గట్టిగా పట్టించుకోండి. మనిషిని అదుపులో ఉంచడానికి వేసే కొన్ని మానసిక జబ్బుల మందులు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో ప్రాణాపాయం పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఒక్కోసారి అవి తప్పనిసరి కావచ్చు, కానీ అది డాక్టరు చూసి, మీకు చెప్పి, చీటీ మీద రాసి మొదలుపెట్టాలి. "నిద్ర పట్టకపోతే ఏం చేస్తారు?" అని హోమ్ వాళ్ళని అడగండి. "మా దగ్గర మందు ఉందండీ" అని వెంటనే అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రెండోసారి వెతికినప్పుడు అమ్మే షరతు పెట్టింది, చీకటి పడ్డాకే చూద్దామని. ఐదు చోట్లకి వెళ్ళాం. రెండు చోట్ల గేటు దగ్గరే ఆపేశారు, రేపు ఉదయం రమ్మన్నారు. వాటి మొహం మళ్ళీ చూడలేదు. పెందుర్తి వైపు ఒక మామూలు ఇండిపెండెంట్ ఇల్లు. కింద పాత మొజాయిక్ నేల, గోడలకి రంగు వేసి చాలా ఏళ్ళయినట్టుంది. ఉన్నది 12 మంది, రాత్రికి ఇద్దరు ఆయాలు, గేటు దగ్గర వాచ్‌మన్. మేము వెళ్ళేసరికి పాలకొండ వైపు నుంచి వచ్చిన ఆయా ఒక మామ్మగారికి పెరుగన్నం తినిపిస్తోంది. "ఇంకొక్క ముద్ద మామ్మా, ఇది మీ మనవడి ముద్ద" అంటూ, ఆవిడ మింగేదాకా చెయ్యి పైకెత్తకుండా ఆగుతోంది. మమ్మల్ని చూసి కూడా హడావుడి పడలేదు. అంత సేపు ఆగే ఓపిక చూసి అమ్మ నా చెయ్యి నొక్కింది. నాకూ అప్పుడే తెలిసిపోయింది. ఈ జబ్బులో మింగడం కష్టమవుతుంది, తొందరపెడితే ముద్ద ఊపిరితిత్తుల వైపు పోయి న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టి తినిపిస్తున్నారా, పడుకోబెట్టి పోస్తున్నారా అన్నది ఒక్క భోజనం చూస్తే తెలిసిపోతుంది.

నాన్న అక్కడ చేరిన మూడో రాత్రి తొమ్మిదింటికి చొక్కా వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళారట. వాచ్‌మన్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, "సార్, ఈరోజు మీకు వీక్లీ ఆఫ్ కదా, టైమ్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది" అన్నాడట. నాన్న "అవునా, చెప్పరేంటి మరి" అని టీ అడిగి, కాసేపు కూర్చుని, లోపలికొచ్చి పడుకున్నారట. ఇది మర్నాడు ఆయా చెబితే నేను గేటు దగ్గరే నిలబడి ఏడ్చేశాను. మేము ఏడాదిన్నరగా ఫ్యాక్టరీ మూసేశారని చెప్పి చెప్పి ఆయన్ని రోజూ బాధపెట్టాం. ఆ అబ్బాయి ఒక్క మాటతో ఆయన్ని నిద్రపుచ్చాడు.

అందుకే చేర్పించేటప్పుడు అమ్మగారి గురించి ఒక కాగితం రాసి ఇవ్వండి. ఆసుపత్రి ఫైలు కాదు. ఆవిడ ఏ ఊరి పిల్ల, చిన్నప్పుడు ఏమని పిలిచేవారు, ఏ వేళకి కాఫీ కావాలి, రాత్రి బయటికి వెళ్ళినప్పుడు ఎక్కడికి బయల్దేరుతున్నారు, ఇవన్నీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో. మేము రాసిన కాగితంలో జింక్ సంగతి, షిఫ్టుల సంగతి ఉంది కాబట్టే వాచ్‌మన్‌కి వీక్లీ ఆఫ్ మాట తట్టింది.

భోజనం విషయం అడగడం మర్చిపోకండి. చాలా హోముల్లో శాకాహారమే. మా నాన్నకి చేప లేకపోతే ముద్ద దిగదు, మొదటి చోట ఆయన చిక్కిపోవడానికి అదీ ఒక కారణం. రెండో చోట ఆదివారాలు అమ్మ వంజరం పులుసు చేసి, ముళ్ళన్నీ తనే తీసి క్యారేజీలో పట్టుకెళ్ళేది.

మన ఊరికి జనరేటర్, నీళ్ళ ట్యాంకు సంగతి కూడా ముఖ్యమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఎన్ని రోజులు కరెంటు, నీళ్ళు లేకుండా ఉన్నామో మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. మంచాన ఉన్నవాళ్ళతో ఆ రోజులు ఎలా గడుపుతారని అడగండి. రాత్రి ఒంట్లో బాగోకపోతే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకెళ్తారో కూడా ముందే తేల్చుకోండి. అడ్మిట్ చేస్తే ఆసుపత్రిలో అటెండెంట్‌గా మనవాళ్ళే ఉండాలంటారు. మీరు బెంగళూరు నుంచి వచ్చేదాకా ఆ ఒక రాత్రి ఎవరుంటారో, ఆ చుట్టానికో స్నేహితుడికో ఇప్పుడే చెప్పి ఉంచండి.

డబ్బు సంగతి. మేము నెలకి 28 వేలు కట్టేవాళ్ళం. డైపర్లు, మందులు, డాక్టరు విజిట్ వేరే. అన్నీ కలిపితే 36 వేల దాకా అయ్యేది. ఆసుపత్రి ఇన్సూరెన్స్ మామూలుగా ఈ ఖర్చు ఇవ్వదు. అడ్వాన్స్ తిరిగి ఎప్పుడిస్తారో, మధ్యలో తీసుకెళ్తే ఎంత కోస్తారో కాగితం మీద రాయించుకోండి.

అమ్మగారి పేరు మీద బ్యాంకు ఖాతా, ఇల్లు ఉంటే ఇంకో తొందర కూడా ఉంది. పవర్ ఆఫ్ అటార్నీ ఉందిలే అని ధైర్యంగా ఉండకండి. రాసిచ్చిన మనిషికి తెలివిడి పోయాక మన దగ్గర అది చెల్లదు. తర్వాత గార్డియన్‌గా నియమించమని కోర్టుకి వెళ్ళాల్సి వస్తుంది. ఆవిడకి ఇంకా విషయం అర్థమవుతున్న రోజుల్లోనే ఖాతాలు జాయింట్ చేయించి, ఒక వకీలుని కలవండి. పెన్షన్ వస్తుంటే ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపించి జీవన్ ప్రమాణ్ ద్వారా హోమ్ నుంచే పంపించవచ్చు. మేము అలాగే చేశాం.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 14567కి ఫోన్ చేయండి. అది పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్, ఎల్డర్‌లైన్ అంటారు, హోముల వివరాలు అడగొచ్చు. హోమ్ దొరికేలోపు రాత్రిపూట ఒక అటెండెంట్‌ని ఇంట్లో పెట్టుకోండి, నాన్నగారు కాస్త పడుకుంటారు. తలుపుకి పైన, చెయ్యి అందని చోట ఇంకో గడియ వేయించండి. నాన్నగారికి ఆ గడియ తీయడం కష్టం కాకూడదు, అగ్గి ప్రమాదం జరిగితే ఇద్దరూ బయటపడాలి కదా.

చేర్పించిన మొదటి వారం రావద్దు, అలవాటు పడనివ్వండి అని కొన్ని చోట్ల అంటారు. మేము ఒప్పుకోలేదు. అమ్మ రోజూ మూడున్నరకి వెళ్ళి, టీ తాగించి, చీకటి పడకముందే వచ్చేసేది. "వెళ్ళొస్తాను" అనేది కాదు, అంటే ఆయన కూడా బయల్దేరేవారు. "మార్కెట్‌కి వెళ్ళి కూర తెస్తాను" అనేది. నాన్న 2024 వేసవిలో పోయారు, నిద్రలోనే, ఒంటి మీద ఒక్క పుండు లేకుండా. ఆ ఆయా ఇప్పటికీ పండక్కి అమ్మకి ఫోన్ చేస్తుంది.

మీరు వచ్చే నెల వస్తానని రాశారు. వచ్చినప్పుడు నాన్నగారిని కూడా వెంటబెట్టుకుని, ఏడు గంటలు దాటాక, చెప్పకుండా వెళ్ళండి. ఏమేం చూశారో ఇక్కడ రాస్తే నాకు తోచింది చెబుతాను.