పవర్ మీటర్లు గేట్‌వేకి కలిపాను, సగం పలకట్లేదు, వోల్టేజ్ 17254 చూపిస్తోంది, ఎందుకు?

మీరు రాసింది నాకు అర్థమైంది ఇదీ: ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెల్‌లో 8 మీటర్లు, ఆర్‌ఎస్-485 (రెండు వైర్ల సీరియల్ లైను) మీద మోడ్‌బస్ (మీటర్లు మాట్లాడే భాష) గేట్‌వేకి, అంటే ఆ లైన్‌ని ఈథర్నెట్‌కి కలిపే పెట్టెకి, అక్కణ్నుంచి ఈథర్నెట్‌లో పీసీకి. పింగ్ (నెట్‌వర్క్‌లో పిలిస్తే పలుకుతోందా అని చూడటం) అవుతోంది, మొదటి మూడు మీటర్లు వస్తున్నాయి మిగతావి టైమౌట్, వచ్చినవాటిలో కూడా వోల్టేజ్ 17254, ఐటీ వాళ్లేమో ఐపీ మార్చి చూడమంటున్నారు.

ఐపీ జోలికి అస్సలు పోకండి. ఆ 17254 వచ్చిందంటేనే ఐపీ, 502 పోర్టు (ఈథర్నెట్‌లో మోడ్‌బస్ వాడేది), గేట్‌వే అన్నీ బానే ఉన్నట్టు. అసలది చెత్త నంబరు కాదండీ, మీ 230 వోల్టులే అది. చాలా మీటర్లు వోల్టేజ్‌ని 32 బిట్ ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) రెండు రిజిస్టర్లలో (16 బిట్ల గళ్లలో) పెడతాయి, మీరు డేటా టైప్ 16 బిట్ ఇంటీజర్ అని ఇచ్చి మొదటి సగమే చదువుతున్నట్టున్నారు. 230ని ఫ్లోట్‌గా రాస్తే హెక్స్‌లో 43660000, మొదటి సగం 4366, దాన్ని డెసిమల్‌లోకి మార్చండి, 17254 వస్తుంది. 230కీ 231కీ మధ్య ఎంతున్నా ఆ రిజిస్టర్ మారదు, అందుకే కదలకుండా కూర్చుంది. డేటా టైప్ ఫ్లోట్ చెయ్యండి, అప్పుడు సున్నానో లేక చాంతాడంత నంబరో వస్తే వర్డ్ స్వాప్ (రెండు సగాల వరస తిప్పే) ఆప్షన్ మార్చండి, అంతే. మాన్యువల్‌లో రిజిస్టర్ అడ్రస్ 43001 అని ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ముందున్న 4 తీసేసి, సున్నా నుంచి లెక్కపెట్టి 3000 అని ఇవ్వాలి, అది కూడా ఓసారి చూస్కోండి.

ఇక ఆ ఐదు మీటర్లు. పింగ్ పలికేది గేట్‌వే, మీటర్లు కాదు, పొలిమేర దాకా బస్సొస్తే ఇల్లు చేరినట్టు కాదు కదా. వరసగా మూడొచ్చి నాలుగో దగ్గర్నుంచి అన్నీ ఆగాయంటే నాకు అనుమానం 3కీ 4కీ మధ్య ఉన్న కేబుల్ మీదే. ప్లస్ మైనస్ అక్కడ తారుమారైతే ఆ తర్వాతవన్నీ తలకిందులే. ఒక కంపెనీ ఏ అన్న టెర్మినల్‌ని ఇంకో కంపెనీ బీ అంటుంది కాబట్టి అక్షరాలు నమ్మకండి, వైర్ రంగు పట్టుకుని వెళ్లండి. నేను చూసిన ప్యానెళ్లలో ఎలక్ట్రీషియన్లు ఒకే టెర్మినల్ నుంచి అన్ని మీటర్లకీ చెట్టుకొమ్మల్లా లాగేస్తారు, పవర్ వైరింగ్ అలవాటు అది, ఇక్కడ పనికిరాదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి వరసగానే పోవాలి, రెండు చివర్లలో మాత్రమే 120 ఓమ్స్ రెసిస్టర్ పెట్టాలి. సప్లై ఆపి ఆ రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్స్ చూపించాలి, 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదనో మధ్యలో తెగిందనో.

వైరింగ్ బానే ఉంటే నాలుగో మీటరు డిస్‌ప్లేలోకి వెళ్లి ఐడీ (మీటర్ నంబరు), బాడ్ రేట్ (డేటా పంపే వేగం), పారిటీ (తప్పులు పట్టే బిట్ సెట్టింగ్) చూడండి. కొత్త మీటర్లన్నీ ఐడీ 1తోనే రావచ్చు, రెండింటికి ఒకే ఐడీ ఉంటే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఏదీ అర్థం కాదు. పారిటీ మాత్రం అందరూ మర్చిపోతారు, గేట్‌వేలో ఈవెన్, మీటర్‌లో నన్ ఉంటే ఇక పలకదు. కేబుల్ ట్రేలో డ్రైవ్‌ల (మోటార్ స్పీడ్ మార్చే పెట్టెల) మోటార్ కేబుళ్ల పక్కనే పోతుంటే విడదీయండి, షీల్డ్ ఒక చివరే ఎర్త్ చెయ్యండి.

ఇదంతా అయ్యాక కిలోవాట్లు మరీ తక్కువగా వస్తే నెట్‌వర్క్‌ని తిట్టకండి, మీటర్‌లో సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) రేషియో చూడండి, 200/5 సీటీ పెట్టి ప్రైమరీ 5 దగ్గరే వదిలేస్తే 40 రెట్లు తక్కువ చూపిస్తుంది. అప్పటికీ రాకపోతే మీటర్ మోడలూ గేట్‌వే సీరియల్ సెట్టింగ్స్ ఫొటో పెట్టండి, చూద్దాం.